హరికేన్ కిట్: విమానానికి నాలుగు స్టార్లు, లోపలి కాగితానికి ఒకటి

మా మనవడు ఏడో తరగతి. సెలవుల్లో వాడు సెల్‌ఫోన్ వదిలేలా ఏదైనా చూడమని మా అమ్మాయి పోరు పెడితే, ఆన్‌లైన్లో ఈ ప్లాస్టిక్ విమానం కిట్ తెప్పించాను. రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ యుద్ధ విమానం హాకర్ హరికేన్, 1:72 స్కేలు, 303వ స్క్వాడ్రన్ (విమాన దళం) గుర్తులతో. 1,150 రూపాయలు. రాజోలు చేరడానికి పదకొండు రోజులు పట్టింది. డబ్బా ఒక మూల నొక్కుకుపోయింది గానీ ముక్కలన్నీ క్షేమం.

అచ్చు బాగుంది. రెక్క కొస నుంచి కొసకి దాదాపు 17 సెంటీమీటర్లు, జానెడుకి కాస్త తక్కువ. అసలు హరికేన్ వెనక భాగం రేకు కాదట, చట్రం మీద బిగించిన గుడ్డ. ఆ గుడ్డ కింద బద్దలు ఉబ్బినట్టు కనిపించే గీతల్ని ఇంత బుల్లి బొమ్మ మీద కూడా పోశారు. వేలితో తడిమితే తాటాకు ఈనెల్లా తగులుతాయి.

జిగురు కిట్‌తో రాదు. ఆ సంగతి డబ్బా మీద చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. చూసుకోక, కిరాణా కొట్లో సూపర్ గ్లూ కొని పైలట్ మీది అద్దం మూత అతికించాం. పొద్దున్న లేచి చూస్తే లోపలంతా మంచు పట్టినట్టు తెల్లబడిపోయింది. ఆ గ్లూ ఆవిరి అంతేనట. మూతకి మాత్రం చెక్క పనికి వాడే తెల్ల జిగురు చాలు.

స్టిక్కర్లు నీళ్ళలో నానబెట్టి జార్చే రకం. స్టీలు పళ్ళెంలో వేస్తే ఆ దళం గుర్తుగా విమానం పక్కన ఉండే ‘ఆర్‌ఎఫ్’ అక్షరాలు రెండుగా చిరిగాయి. పాత స్టాకేమో అనిపించింది. అమ్మినవాళ్ళకి ఫోన్ చేస్తే గడువు ఏడు రోజులే అన్నారు. ఇంకో గుర్తు మాత్రం చక్కగా దిగింది. చారలూ నక్షత్రాల మధ్య ఎర్ర టోపీ, అడ్డంగా రెండు పొడుగు కర్రల కొడవళ్ళు. మనవాడు ‘కమ్యూనిస్టు గుర్తా తాతయ్యా?’ అన్నాడు. కాదు, 1794లో కోష్యూష్కో అనే నాయకుడి వెనక తిరగబడిన పోలండ్ రైతులవి.

నా అసలు ఫిర్యాదు లోపలి కాగితం మీద. ఏ ముక్క ఎక్కడ పెట్టాలో బొమ్మలు వేశారు, ఏ రంగు వెయ్యాలో నంబర్లు ఇచ్చారు. మనుషుల గురించి ‘పోలిష్ స్క్వాడ్రన్, 1940’ అని ఒక్క ముక్క. పోలండ్ వాళ్ళకి ఇంగ్లండ్ విమానం ఎందుకని వాడు అడిగితే, నేనే వారం రోజులు అల్లుడి ట్యాబ్ పట్టుకుని చదవాల్సి వచ్చింది.

1939 సెప్టెంబరు 1న జర్మనీ, 17న రష్యా పోలండ్ మీద పడ్డాయి. పైలట్లు రుమేనియాలోకి దాటి, అక్కణ్ణుంచి ఫ్రాన్సు చేరారు. 1940లో ఫ్రాన్సూ పడిపోతే ఇంగ్లండ్. దేశం పోయింది, ఇళ్ళలో ఎవరున్నారో కబురు లేదు. లండన్ దగ్గరి నార్తోల్ట్‌లో 303వ స్క్వాడ్రన్ మొదలైంది 1940 ఆగస్టు 2న. ఆ తేదీ చూసి కాసేపు ట్యాబ్ పక్కన పెట్టేశాను. సరిగ్గా యాభై ఏళ్ళకి, 1990 ఆగస్టు 2న, నేను కువైట్‌లో డ్రైవరుగా ఉండగా ఇరాక్ ట్యాంకులు వచ్చాయి. ఒక్క బ్యాగుతో అమ్మాన్ దాకా బస్సులో, ఆ పైన విమానంలో బొంబాయి. నాకు చేరుకోవడానికి ఊరుంది. వాళ్ళకి అదే లేదు.

అంతకంటే నన్ను పట్టేసింది థ్రాటిల్ సంగతి. పోలండ్ విమానాల్లో ఇంజను జోరు పెంచాలంటే వెనక్కి లాగాలి, బ్రిటిష్ వాటిలో ముందుకి తొయ్యాలి. పైగా వాళ్ళ పాత పీ-11 యుద్ధ విమానాల చక్రాలు ఎప్పుడూ కిందే ఉండేవి. హరికేన్‌లో దించాలి, మర్చిపోతే పొట్ట మీద దిగడమే. మీటర్లు అడుగులయ్యాయి, లీటర్లు గ్యాలన్లయ్యాయి, ఆదేశాలు ఇంగ్లీషులో. ఇది నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. నేను స్టీరింగ్ పట్టిందే కువైట్‌లో, అక్కడ గేరు కుడి చేతికి. తిరిగొచ్చి కొబ్బరికాయల వ్యాను ఎక్కితే, గేరు కోసం కుడి చెయ్యి వెళ్ళి తలుపుకి కొట్టుకునేది. బుర్రకి తెలుసు, చేతికి తెలీదు. ఆర్నెల్లు పట్టింది. వాళ్ళకి కొన్ని వారాలే. ఆగస్టు 30న శిక్షణలో ఉండగానే పాష్కియేవిచ్ అనే పైలట్ వరస వదిలి వెళ్ళి శత్రు విమానాన్ని కూల్చాడు. మర్నాడే స్క్వాడ్రన్‌ని యుద్ధానికి దింపారు.

వాళ్ళు కూల్చామని చెప్పుకున్న లెక్క 126. నిజం అంత ఉండదంటారు తర్వాత లెక్కలు చూసినవాళ్ళు, అయినా హరికేన్ దళాల్లో వీళ్ళదే పైచెయ్యి. అందులో 17 ఫ్రాంటిషెక్ అనే పైలట్‌వి. ఆయన చెక్, అంటే పోలండ్ వాళ్ళ మధ్య కూడా పరాయివాడే. అక్టోబరు 8న విమానం కూలి పోయాడు.

గెలిచాక ఏం దక్కిందని మనవడు అడిగాడు. 1945లో యాల్టాలో అమెరికా, బ్రిటన్, రష్యా పెద్దలు కూర్చుని పోలండ్‌ని స్టాలిన్ వైపు వదిలేశారు. స్కాల్స్కీ అనే పైలట్ 1947లో ఇంటికెళితే మర్నాటి ఏడాది అరెస్టు చేసి ఉరిశిక్ష వేశారు. ఉరి తీయలేదు గానీ 1956 దాకా జైల్లోనే. వెళ్ళకుండా ఉండిపోయినవాళ్ళు తెలివైనవాళ్ళని మా అల్లుడు అంటాడు. నేనైతే అంత తేలిగ్గా అనలేను.

చక్రాలు మడిచీ అతికించవచ్చు, దించీ అతికించవచ్చు. ఎగురుతున్నట్టు మడిచేద్దాం అన్నాను. ‘వద్దు తాతయ్యా, మళ్ళీ మర్చిపోతారు’ అని వాడే దించి అతికించాడు. ఇప్పుడు టీవీ పక్కన ఉంది, చిరిగిన ‘ఆర్‌ఎఫ్’ వైపు గోడకి తిప్పి. కొనేవాళ్ళు డబ్బా రాగానే స్టిక్కర్లలో ఒకటి నీళ్ళలో వేసి చూసుకోండి, ఏడు రోజుల్లోపే.