పటాన్‌చెరు జొన్నలు దాచిన కొండ దాకా

లాంగ్‌ఇయర్‌బయెన్ వెళ్లాలనుకునేవాళ్లకు ముందు వీసా సంగతి చెప్పాలి, ఎందుకంటే మా ట్రిప్ దాదాపు అక్కడే చెడిపోయేది. ఈ ఊరు స్వాల్‌బార్డ్ దీవుల్లో, 78 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. నార్వే ఏలుబడిలోదే, కానీ షెంగెన్ (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి) కిందికి రాదు. 1920 నాటి ఒప్పందం వల్ల ఆ దీవులకు విడిగా వీసా అక్కర్లేదు. ఇది విని సంబరపడితే దెబ్బతింటాం. విమానం ఎక్కేది షెంగెన్ కిందికొచ్చే నార్వే ఊళ్లు ఓస్లోలోనో ట్రోమ్సోలోనో కాబట్టి ఒకసారి షెంగెన్‌లోకి వెళ్లి, బయటపడి, తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ లోపలికి వెళ్లాలి. అంటే కనీసం రెండు ఎంట్రీలున్న వీసా ఉండాల్సిందే. మేం డబ్బులు కట్టిన ఏజెంటు "అంతా నార్వేనే కదా సార్" అంటూ సింగిల్ ఎంట్రీకి టిక్ పెట్టేశాడు. సంతకం పెట్టేముందు మా ఆవిడ ఫారం మొత్తం చదివింది కాబట్టి బతికిపోయాం. మీకు ఎవరు నింపిపెట్టినా సరే, ఆ గడి మాత్రం మీ కళ్లతో చూసుకోండి.

ఇంత దూరం ఎందుకని అందరూ అడిగారు. మా నాన్న పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో విత్తనాలు శుభ్రం చేసి, ఆరబెట్టి, అల్యూమినియం కవర్లలో సీలు వేసే పని చాలా ఏళ్లు చేశారు. అక్కడి జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ విత్తనాల నమూనాలు లక్షకు పైగా లాంగ్‌ఇయర్‌బయెన్ పక్కన కొండలో తవ్విన విత్తన నిలవలో ఉన్నాయి. 2008 ఫిబ్రవరిలో దాన్ని తెరిచారు. ఎక్కడైనా యుద్ధమో వరదో వచ్చి అసలు విత్తనాలు పోతే, ఇక్కడి నుంచి తిరిగి తీసుకోవచ్చు. సిరియా యుద్ధం వల్ల అలెప్పో దగ్గరి విత్తన బ్యాంకును వాడుకోలేని పరిస్థితి వస్తే, 2015లో మొట్టమొదటిసారి ఇక్కడి నుంచి పెట్టెలు వెనక్కి తీసుకున్నారు. నాన్నకు మోకాళ్ల నొప్పులు, అంత దూరం రాలేరు. ఆ తలుపు ఒక్కసారి చూపించమన్నారు.

ఏ కాలంలో వెళ్లాలో బాగా ఆలోచించుకోండి. అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి మధ్య దాకా సూర్యుడే కనిపించడు, ఉత్తర ధ్రువ కాంతులు (నార్తర్న్ లైట్స్) చూడటానికి అది మంచి సమయం. మార్చి, ఏప్రిల్ నెలలు స్నో స్కూటర్లకు మంచివి, కానీ మైనస్ 15, 20 చలి మామూలే. ఏప్రిల్ 20 ప్రాంతం నుంచి ఆగస్టు 20 దాటేదాకా సూర్యుడు అస్తమించడు. మేం జూన్ చివరి వారం ఎంచుకున్నాం. నాలుగైదు డిగ్రీలు ఉంది, గాలి కొడితే మాత్రం ఎముకల్లోకి దిగుతుంది. పిల్లలతోనో పెద్దవాళ్లతోనో వెళ్లేవాళ్లకు ఇదే సరైన సమయం అని నా అభిప్రాయం. కళ్లకు కట్టుకునే గంతలు తప్పకుండా పెట్టుకోండి, మొదటి రెండు రాత్రులు మాకు నిద్రే పట్టలేదు.

మూడు రాత్రులు ఊరికి పై చివర ఉన్న నీబయెన్‌లో, ఒక రాత్రి ఊరి నడిబొడ్డున హోటల్లో ఉన్నాం. నీబయెన్‌లోవి ఒకప్పుడు బొగ్గుగని కార్మికుల బ్యారకులు, ఇప్పుడు గెస్ట్‌హౌస్‌లు. గది చిన్నది, బాత్రూం అందరికీ కలిపి, సెంటర్‌కి రెండు కిలోమీటర్లు నడవాలి. అయినా నా ఓటు దానికే, కారణం వంటగది. బయట భోజనం ఖరీదు చూస్తే గుండె గుభేలుమంటుంది, శాకాహారులకు దొరికేదీ తక్కువే. మేం బియ్యం, పులిహోర పేస్టు, కందిపొడి, గోంగూర పచ్చడి పట్టుకెళ్లాం. నెయ్యి మాత్రం పెట్టుకోకండి, యూరప్ బయటి నుంచి పాల పదార్థాలను నార్వే రానివ్వదు. వేడి అన్నంలో కందిపొడి, నూనె కలిపి, కిటికీలోంచి మంచు చారలున్న కొండ చూస్తూ తిన్నాం. హోటల్ గది వెచ్చగా, శుభ్రంగా ఉంది, పొద్దున టిఫిన్ బ్రహ్మాండం, కానీ ఆ ఒక్క రాత్రి ఖర్చుతో గెస్ట్‌హౌస్‌లో ఇంకో రెండు రాత్రులు గడిచేవి. రెండుచోట్లా గుమ్మంలోనే చెప్పులు విప్పాలి. బొగ్గు మసి లోపలికి రాకుండా గని కార్మికులు మొదలుపెట్టిన అలవాటట. మనకు కొత్తేం కాదు కాబట్టి ఇంటికొచ్చినట్టే అనిపించింది.

ఎయిర్‌పోర్టు బస్సు బాగుంది, విమానం దిగేసరికి సిద్ధంగా ఉంటుంది, హోటళ్ల దగ్గర ఆగుతుంది. ఊరు దాటి సొంతంగా నడిచి వెళ్లకూడదు. ధ్రువపు ఎలుగుబంట్లు ఎక్కడైనా ఎదురుపడొచ్చు, అందుకే తుపాకీ ఉన్న గైడు తోడు ఉండాలి. 2025 నుంచి రూలు ఇంకా గట్టిపడింది: ఎలుగుకు 300 మీటర్ల లోపలికి వెళ్లకూడదు, మార్చి నుంచి జూన్ చివరి దాకా అయితే 500 మీటర్లు. మేం ఒక్కదాన్నీ చూడలేదు, చూపిస్తామని హామీ ఇచ్చే టూర్లను నమ్మకండి. మమ్మల్ని వణికించినవి ఎలుగులు కాదు, రోడ్డు పక్క గూళ్లు పెట్టుకున్న ఆర్కిటిక్ టెర్న్ పిట్టలు. గుడ్ల దగ్గరికి వస్తున్నామనుకుని సూటిగా నెత్తి మీదికి దూకుతాయి. చెయ్యి పైకెత్తి నడిస్తే ఆ చేతినే పొడుస్తాయి, తల దక్కుతుంది.

1998లో మూసేసిన రష్యన్ గని ఊరు పిరమిడెన్‌కి పడవ టూర్ తీసుకున్నాం. మొదటి రోజు గాలి వల్ల రద్దయింది, డబ్బు గురించి పేచీ పెట్టకుండా మర్నాటికి మార్చారు. అందుకే ముఖ్యమైన టూర్‌ను చివరి రోజుకు పెట్టుకోకండి. ఖాళీ భవనాల మధ్య లెనిన్ విగ్రహం, ఎదురుగా హిమానీనదం, నాకైతే పెట్టిన ప్రతి రూపాయికీ తగ్గ రోజది. ఇన్సూరెన్స్‌లో, ఆపదలో చిక్కుకుంటే మనల్ని వెతికి రక్షించే ఖర్చులు కూడా కలుస్తాయో లేదో చూసుకోండి. ఊళ్లో చిన్న ఆస్పత్రే ఉంది, సీరియస్ కేసులను విమానంలో ట్రోమ్సోకి పంపుతారు.

విత్తన నిలవ లోపలికి మామూలు జనాన్ని పంపరు, బయట నుంచి చూడటమే. ఆఖరి రాత్రి టాక్సీలో వెళ్లాం. అర్ధరాత్రి దాటి ముప్పావు గంటయింది, ఎండ కాస్తోంది. కొండలోంచి పొడుచుకొచ్చిన సన్నటి కాంక్రీటు గోడ, పైన అద్దం ముక్కల్లా మెరుస్తున్న పలకలు, కింద ఇనుప తలుపు. హైదరాబాద్‌లో అప్పుడు తెల్లవారుజామున నాలుగుంబావు, నాన్న లేచే వేళే. వీడియో కాల్ చేశాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు.

"లోపల ఎంత చలి ఉంటది రా?"

"మైనస్ 18 నాన్నా."

"మన దగ్గర మైనస్ 20 ఉండె," అన్నారు. కొంచెం ఆగి, "నువ్వు పక్కకు జరుగు, తలుపు కనిపిస్తలేదు," అన్నారు.