200డి బాడీ మార్చకుండా 50 ఎంఎం లెన్స్ కొన్న తరువాత

కెనాన్ 200డి కెమెరాతో పాటే వచ్చిన 18–55 ఎంఎం జూమ్ లెన్స్‌ను (కిట్ లెన్స్) పక్కన పెట్టి, కొన్నేళ్ళుగా ఎఫ్/1.8 అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం; ఎఫ్ పక్కన అంకె తగ్గేకొద్దీ అది పెద్దదవుతుంది) గల 50 ఎంఎం లెన్స్‌నే ఎక్కువగా వాడుతున్నాను. ఫుల్ ఫ్రేమ్ బాడీ (వెలుతురును పట్టే సెన్సార్ పెద్దదిగా ఉన్న కెమెరా) కొనాలా, లెన్స్ కొనాలా అని ఆలోచిస్తూ విజయవాడ దుకాణాల చుట్టూ తిరిగేవారికి నేను మనస్ఫూర్తిగా చెప్పగలిగిన విషయం ఒక్కటే ఉంది, అది ఈ అపర్చర్ గురించి.

నేను తీసేవి దాదాపు అన్నీ నాట్య ప్రదర్శనల ఫొటోలే. మా మేనకోడలు కూచిపూడి నేర్చుకుంటోంది కనుక, తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రంలో ముందు వరుసలలో కూర్చునే అవకాశం నాకు తరచుగా దొరుకుతుంది. నాట్యం చేసే పిల్లల కళ్ళలోకి ఫ్లాష్ వెలిగించడం నాకు ఇష్టం లేదు కాబట్టి, వేదిక మీద ఎంత వెలుతురు ఉంటే అంతతోనే సరిపెట్టుకోవాలి. కిట్ లెన్స్‌ను 55 ఎంఎం దాకా జూమ్ చేస్తే దాని అపర్చర్ ఎఫ్/5.6 దగ్గర ఆగిపోతుంది. ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 6400 పెట్టినా షట్టర్ స్పీడ్ (ఒక్కో ఫొటోకు వెలుతురు పడే సమయం) సెకనులో 60వ వంతు దగ్గరే ఉండేది. ఆ లెన్స్‌లోని స్టెబిలైజేషన్ నా చేతి వణుకును అదుపు చేసేదే తప్ప, నర్తకి చేతి కదలికను ఆపగలిగేది కాదు. అభినయంలో సగం అర్థం హస్తముద్రలోనే ఉంటుంది. ముఖం స్పష్టంగా వచ్చిన ఫొటోలలో సైతం ఆ హస్తమే పొగలా చెదిరిపోయేది.

50 ఎంఎం తగిలించిన తరువాత తరంగం (ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడి చేసే కూచిపూడి అంశం) చూసిన సాయంత్రం నాకు బాగా గుర్తుంది. అదే హాలు, అదే ఐఎస్ఓ. షట్టర్ స్పీడ్ మాత్రం సెకనులో 500వ వంతుకు చేరింది. ఇత్తడి పళ్ళెం అంచును పట్టిన కాలివేళ్ళు, పక్కకు ఎగిరిన జడ కొస, గజ్జెలలో విడివిడిగా కనిపించే మువ్వలు, ఇవన్నీ ఒకే ఫొటోలో కదలకుండా నిలిచాయి. అంతవరకూ ఈ బాడీ సెన్సార్‌కే అంత శక్తి లేదని అందరూ చెప్పగా విన్నాను. లెక్క వేసి చూస్తే కారణం సులభంగానే తెలుస్తుంది: ఎఫ్/5.6 నుండి ఎఫ్/1.8కి వస్తే సెన్సార్ మీద పడే వెలుతురు దాదాపు పదింతలు అవుతుంది, ఫుల్ ఫ్రేమ్ సెన్సార్ వైశాల్యమైతే నా 200డిలో ఉన్న చిన్న సెన్సార్ (కెనాన్ ఏపీఎస్-సి) కంటే సుమారు 2.6 రెట్లే ఎక్కువ. పైగా ఈ లెన్స్ ధర కొత్త బాడీ ధరలో చిన్న భాగం.

అయితే పదింతలు అన్న ఆ మాట నా వాడకంలో పూర్తిగా నిలవలేదు. ఎఫ్/1.8 దగ్గర స్పష్టంగా ఉండే లోతు చాలా తక్కువ; నర్తకి చేతిని ప్రేక్షకుల వైపు చాచినప్పుడు కన్ను స్పష్టంగా వస్తే హస్తం మసకబారుతుంది. అందువల్ల ఇప్పుడు చాలావరకు ఎఫ్/2.8 దగ్గరే తీస్తున్నాను, అక్కడ కలిసివచ్చే వెలుతురు నాలుగింతలే. నాకు అదీ తక్కువేమీ కాదు.

ఫోకస్ సంగతి వేరు. 200డిలో వ్యూఫైండర్ నుండి చూస్తే ఫోకస్ పాయింట్లు తొమ్మిదే, వాటిలో క్రాస్ టైప్ (అడ్డంగానూ నిలువుగానూ గీతలను గుర్తించి ఫోకస్‌ను మరింత నమ్మకంగా పట్టేది) మధ్యలో ఉన్నది ఒక్కటే. బృంద నాట్యంలో పక్కన ఉన్న పాప ముఖాన్ని పట్టుకోవాలంటే మసక వెలుతురులో అంచు పాయింట్లు తడబడతాయి. ఒక మిత్రుని ఫుల్ ఫ్రేమ్ బాడీ, కెనాన్ 6డి మార్క్ 2, అడిగి తీసుకుని ఇదే లెన్స్ తగిలించి చూసినప్పుడు, దానిలోని 45 క్రాస్ టైప్ పాయింట్లు ఆ పనిని ఎంతో నిశ్చింతగా చేశాయి. ఏ లెన్స్ కొన్నా ఈ లోటు తీరదు. కానీ ఆ బాడీ మీద నర్తకి ఫ్రేమ్‌లో చిన్నదైపోయింది. సెన్సార్ చిన్నది కనుక నా 200డి మీద ఫుల్ ఫ్రేమ్‌లోని 80 ఎంఎంతో సమానంగా కనిపించే దృశ్యం అక్కడ వెడల్పైంది, కనుక బాడీతో పాటు 85 ఎంఎం కూడా కొనవలసి వచ్చేది. కిట్ లెన్స్ ఆ బాడీకి అసలు బిగదు.

ముందు వరుసలో చోటు దొరుకుతుంది కాబట్టి నాకు 50 ఎంఎం సరిపోయింది. బాల్కనీలో కూర్చునేవారికి ఇది చాలదు. ఉప్పలపాడు చెరువులో గూడబాతులను తీయాలనుకునే గుంటూరు మిత్రులకు దీనికంటే దూరాన్ని దగ్గరగా చూపే 55–250 ఎంఎం వంటి జూమ్ లెన్స్ ఎక్కువ ఉపయోగపడుతుంది. స్టెబిలైజేషన్ లేనందువల్ల చేత్తో పట్టుకుని తీసే వీడియో వణుకుతుంది, ఫోకస్ మోటారు చప్పుడు కూడా అందులో వినిపిస్తుంది. మేనకోడలు బృంద ప్రదర్శనలలో ఎక్కువగా పాల్గొనడం మొదలుపెడితే నేను కూడా బాడీ కోసం డబ్బు కూడబెట్టవలసి రావచ్చు.