వాచ్‌మన్ కుటుంబమా, ఏజెన్సీ గార్డులా, కెమెరాలా: అపార్ట్‌మెంట్‌కి ఏది మేలు?

అసోసియేషన్ మీటింగుల్లో నీళ్ల తర్వాత ఎక్కువ రభస జరిగేది వాచ్‌మన్ గురించే. పార్కింగులో బండి అద్దం పగిలినా, రెండో అంతస్తులో చెప్పులు పోయినా "ఇతనితో లాభం లేదు, ఏజెన్సీకి ఇచ్చేద్దాం" అని ఒకరు లేస్తారు. "ఆ డబ్బుతో చుట్టూ కెమెరాలు పెట్టేయొచ్చు" అని ఇంకొకరు అందుకుంటారు. హైదరాబాద్‌లోగానీ విజయవాడ, విశాఖల్లోగానీ మన ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్ చేసే పనిలో కాపలా చాలా చిన్న ముక్క. మిగతాదంతా ఎవరి లెక్కలోనూ ఉండదు. అతను వెళ్లిపోయిన మర్నాడు పొద్దున కుళాయి తిప్పినప్పుడు తెలుస్తుంది.

తెల్లవారుజామున మోటారు వేయాలి. మంజీరా నీళ్లు, అంటే కార్పొరేషన్ కుళాయి నీళ్లొచ్చే రోజయితే వాల్వ్ తిప్పి సంపు నింపాలి, మళ్లీ కట్టేయాలి. చెత్త బండి వచ్చేలోగా అన్ని ఫ్లాట్ల డబ్బాలూ కిందికి దించాలి. మెట్లు ఊడవాలి, స్టిల్టు (కింది పార్కింగ్ అంతస్తు) కడగాలి. కరెంటు పోతే జనరేటర్, అందులో డీజిల్ చూసుకోవాలి. ట్యాంకర్ వస్తే పైపు పట్టుకోవాలి. కొరియర్లు తీసుకోవాలి. వీటిలో సగం పనులు చేసేది అతని భార్య. జీతం మాత్రం ఒక్కరి పేరనే ఉంటుంది. అందుకని ఏ నిర్ణయమైనా తీసుకునే ముందు ఒక వారంపాటు ఏ పని ఎన్నింటికి, ఎంతసేపు, ఎవరు చేస్తున్నారో కాగితం మీద రాయించండి. ఆ కాగితం లేకుండా కొటేషన్లు పిలిస్తే పోల్చేది జీతాలనే, పనిని కాదు.

కుటుంబంతో ఉండే వాచ్‌మన్

శ్రీకాకుళం, పాలమూరు వైపు నుంచో, ఒడిశా, నేపాల్ నుంచో వచ్చిన కుటుంబం కింద గదిలో ఉంటుంది. ఖర్చులో దీన్ని మించిన ఏర్పాటు లేదు. లెక్క కోసం జీతం 16,000, గది కరెంటు, చిల్లర 1,000 అనుకుంటే 20 ఫ్లాట్లకి తలా 850 పడుతుంది. పైగా ఎవరింటికి ఎవరొస్తారో, ఏ పైపు ఎటు పోతుందో, ఏ వాల్వ్ పట్టేసిందో అతనికి కంఠస్థం.

చెడేది ఎక్కడంటే, ఇరవై ఫ్లాట్లుంటే ఇరవైమంది యజమానులు కావడం దగ్గర. మోటారు వేసి ఉండగా మూడో అంతస్తు నుంచి "కరివేపాకు పట్రా" అని కేక పడుతుంది. అతను అటు వెళ్లగానే ట్యాంకు పొర్లుతుంది. సాయంత్రం గ్రూపులో "వాచ్‌మన్‌కి బాధ్యత లేదు" అని మెసేజ్ వస్తుంది. దీనికి రెండు మందులు. సంపుకీ పై ట్యాంకుకీ నీటి మట్టాన్ని బట్టి మోటారు ఆపే లెవెల్ కంట్రోలర్ పెట్టించడం మొదటిది. సంపు ఖాళీ అయితే మోటారు దానంతటదే ఆగే రకం తీసుకుంటే వైండింగ్ కాలిపోయే ఖర్చూ తప్పుతుంది. ఇక పనులు చెప్పేది సెక్రటరీ ఒక్కరే అన్న నియమం రెండోది. సొంత పనులు, కార్లు కడగడం లాంటివి ఎవరికి కావాలంటే వాళ్లు విడిగా డబ్బిచ్చి, నిర్ణయించిన గంటల్లోనే చేయించుకోవాలి.

రాత్రి సంగతి ఇంకా పెద్దది. పగలంతా పనిచేసిన మనిషి రాత్రి మెలకువగా ఉండడు, ఉండమనడం న్యాయమూ కాదు. పదకొండింటికి గేటు తాళం, చిన్న గేటు తాళంచెవి ప్రతి ఫ్లాటుకీ ఒకటి. ఈ ఏర్పాటు లేని చోట ఒంటిగంటకి కారు హారన్‌తో కిందింటివాళ్లంతా లేస్తారు.

గదిని ఒకసారి కమిటీ వెళ్లి చూడాలి. చాలా చోట్ల అది మెట్ల కిందో, మీటర్ బోర్డు పక్కనో ఉంటుంది. గోడ తడి, మీటర్ ప్యానెల్, గ్యాస్ స్టవ్ అన్నీ ఒక్కచోటే. గది లైనుకి 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు) విడిగా పెట్టించాలి. గచ్చు స్టిల్టు కన్నా కనీసం ఆరంగుళాలు ఎత్తులో ఉండాలి. సెల్లార్లో మాత్రం ఎవరినీ పెట్టకూడదు. పెద్ద వానకి ర్యాంపు మీదుగా నీళ్లు దిగేది అక్కడికే, మోటారు స్టార్టర్లు ఉండేదీ అక్కడే.

డబ్బు విషయంలో గొడవలు ఎక్కువగా అడ్వాన్సుల దగ్గర వస్తాయి. ఇంట్లో పెళ్లి, ఊళ్లో బోరు, ఆస్పత్రి అంటూ అడుగుతారు, అవసరం నిజమే. ఒక నెల జీతానికి మించి ఇవ్వకుండా, నెలకి ఇంత చొప్పున జీతంలో కోసుకుంటామని రిజిస్టర్లో రాసి సంతకం తీసుకుంటే ఇద్దరికీ మంచిది. జీతం బ్యాంకు ఖాతాలో వేయాలి. మెట్లు, స్టిల్టు శుభ్రం చేసేది భార్య అయితే ఆ మొత్తం ఆమె ఖాతాలోనే పడాలి. ఒకరిద్దరే పనివాళ్లున్న అసోసియేషన్‌కి పీఎఫ్, ఈఎస్ఐ వర్తించవు కాబట్టి ప్రమాదం జరిగితే ఆధారమేమీ ఉండదు. ప్రధానమంత్రి సురక్షా బీమాకి ఏడాదికి 20 రూపాయలు, జీవన్ జ్యోతికి 436 రూపాయలు. రెండింటికీ రెండేసి లక్షల కవరేజి. ఆ 456 అసోసియేషనే కట్టొచ్చు.

చేర్చుకునేటప్పుడు ఆధార్ నకలు, కుటుంబం ఫొటో, ఊరి చిరునామా, ఇద్దరు బంధువుల ఫోన్ నంబర్లు తీసుకుని స్టేషన్లో ఇవ్వాలి. తెలంగాణలో పోలీసుల హాక్ ఐ యాప్‌లోనూ పనివాళ్ల వివరాలు నమోదు చేయొచ్చు. సంక్రాంతికి ఊరెళ్తూ అతను బావమరిదిని పెట్టి వెళ్తే ఆ బావమరిది కాగితాలూ తీసుకోవాలి, ఇది అందరూ మరిచిపోతారు. ఇంకో మాట: అతను లేనప్పుడు పన్నెండేళ్ల పిల్లవాడు గేటు తీయడం, మోటారు వేయడం మామూలు దృశ్యం. పద్నాలుగేళ్లలోపు పిల్లల చేత పని చేయించుకోవడం నేరం, అది "వాళ్ల నాన్న పనే కదా" అన్నా ఆగదు.

ఏజెన్సీ గార్డులు

"ఒక్కో గార్డు పద్దెనిమిది వేలు, పన్నెండు గంటల డ్యూటీ" అని కొటేషన్ వస్తుంది. కమిటీ సంతోషిస్తుంది. ఆ పద్దెనిమిది వేలు సరిపోతాయో లేదో మీరే వేసుకోండి. ఎనిమిది గంటల డ్యూటీకి నెల వేతనం 15,000 అనుకుందాం. పీఎఫ్ యజమాని వాటా, చార్జీలు కలిపి 13 శాతం, అంటే 1,950. ఈఎస్ఐ 3.25 శాతం, 488. బోనస్ 8.33 శాతం, 1,250. మొత్తం 18,688. వారానికొక సెలవుంటుంది కాబట్టి ఆ రోజు వచ్చే రిలీవర్‌కి ఇందులో ఆరో వంతు, 3,115. ఏజెన్సీ కమీషన్ 10 శాతం వేస్తే సుమారు 23,980. దాని మీద జీఎస్టీ 18 శాతం. వెరసి దాదాపు 28,300. మనం ఇంత కడితే గార్డు చేతికి వచ్చేది పదమూడు వేల పైచిలుకు.

ఇదంతా ఎనిమిది గంటలకే. పన్నెండు గంటలు చేయిస్తే మిగతా నాలుగు గంటలకీ రెట్టింపు ఓవర్‌టైమ్ ఇవ్వాలి, అంటే రోజుకి ఇంకో ఎనిమిది గంటల వేతనం. పన్నెండు గంటల షిఫ్టు చవక అనేది చట్టప్రకారం చూస్తే భ్రమ. మూడు షిఫ్టులూ సక్రమంగా నడిపితే గేటు దగ్గర ఒక్క పోస్టుకి నెలకి దాదాపు 85,000. అరవై ఫ్లాట్లయితే తలా 1,415, ఇరవై అయితే 4,245.

మరి పద్దెనిమిది వేలకి ఎలా ఇస్తున్నారు? పీఎఫ్ ఎగ్గొట్టి, వారం సెలవు లేకుండా, పగలు మన గేటు దగ్గర చేసిన మనిషినే రాత్రి పక్క వీధిలో డ్యూటీకి పంపి. దీన్నే డబుల్ డ్యూటీ అంటారు. రాత్రి రెండింటికి కుర్చీలో గార్డు నిద్రపోతుంటే ఫొటో తీసి గ్రూపులో పెట్టేవాళ్లు అతను అప్పటికి ఎన్ని గంటలుగా నిలబడి ఉన్నాడో అడగాలి.

ఏజెన్సీని ఎంచుకునేటప్పుడు 2005 ప్రైవేట్ సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద లైసెన్స్ ఉందో లేదో, గడువెప్పటిదాకానో చూడాలి. బిల్లుతో పాటు ప్రతి నెలా మన గార్డుల పేర్లున్న పీఎఫ్, ఈఎస్ఐ చలాన్లు జతచేయాలని అగ్రిమెంట్లో రాయాలి. మొత్తం కంపెనీ చలాన్ ఇస్తే అందులో మనవాళ్లు ఉన్నారో లేదో తెలియదు. గైర్హాజరుకి కోత, చెప్పకుండా మనిషిని మార్చకూడదన్న షరతు, ఒక నెల నోటీసుతో ఇరువైపులా వదులుకునే వీలు, ఇవి లేకపోతే సంతకం పెట్టొద్దు. సభ్యుల మెయింటెనెన్స్ నెలకి 7,500 దాటకపోతే దాని మీద జీఎస్టీ ఉండదు. అయితే ఏజెన్సీ బిల్లులోని 18 శాతం మాత్రం మన నెత్తినే పడుతుంది, జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని అసోసియేషన్‌కి తిరిగి రాదు.

గార్డు మోటారు వేయడు, చెత్త దించడు. అతని పని గేటు, రిజిస్టరు, రౌండ్లు. ఊడవడానికి, నీళ్లకి వేరే మనుషుల్ని పెట్టుకోవాలి. ఈ సంగతి మొదటి నెల బిల్లు తర్వాత గుర్తొస్తే అప్పటికే పాత వాచ్‌మన్ గది ఖాళీ అయి ఉంటుంది.

గార్డుకైనా వాచ్‌మన్‌కైనా లిఫ్ట్ విషయం ముందే నేర్పాలి. మనిషి ఇరుక్కుంటే తలుపులు లాగి దూకించకూడదు. ముందు లిఫ్ట్ మెయిన్ ఆపి, లోపలివాళ్లతో మాట్లాడుతూ, నిర్వహణ కంపెనీకి ఫోన్ చేయాలి.

కెమెరాలు మాత్రమే

కెమెరా దొంగని పట్టుకోదు, గేటు తీయదు. జరిగినదాన్ని చూపిస్తుంది, అదీ సరిగ్గా పెడితే. "నెల రోజుల రికార్డింగ్ ఉంటుంది" అని అమ్మేవాళ్లు చెప్పేదాన్ని ఇలా పరీక్షించండి: ఒక కెమెరా సెకనుకి 2 మెగాబిట్లు రాస్తుందనుకుంటే రోజుకి 21.6 జీబీ. ఎనిమిది కెమెరాలకి 173 జీబీ. ముప్పై రోజులకి 5.2 టీబీ. ఒక టీబీ డిస్కు పెట్టి వెళ్లిపోతే ఆరు రోజులకి కూడా సరిపోదు. ఊరెళ్లిన కుటుంబం పది రోజులకి వచ్చి తాళం పగిలిందని చూసుకునేసరికి ఆ రాత్రి చెరిగిపోయి ఉంటుంది.

గేటు దగ్గర 2.8 ఎంఎం వైడ్ లెన్స్ పెడితే వీధంతా కనబడుతుంది, నంబర్ ప్లేటు మాత్రం తెల్లటి మచ్చలా ఉంటుంది. ప్లేటు కోసం 6 లేదా 12 ఎంఎం లెన్సుతో ఒకటి విడిగా, హెడ్‌లైటు నేరుగా కొట్టని కోణంలో పెట్టాలి. నెట్‌వర్క్ కేబుల్ ఒక్క పరుగు 100 మీటర్లు దాటకూడదు. రికార్డర్ ఉండేది వాచ్‌మన్ గదిలో కాదు, తాళమున్న పెట్టెలో, యూపీఎస్ మీద. కరెంటు తీసేసి దొంగతనం చేయడం పాత పద్ధతే.

అందరూ వదిలేసేది సాలెగూడు. రాత్రి కెమెరా వెలుగుకి పురుగులొస్తాయి, పురుగుల కోసం సాలీడు లెన్సు ముందే గూడు కడుతుంది. ఆ పోగు గాలికి ఊగినప్పుడల్లా కెమెరా దాన్ని కదలికగా లెక్కేసి రికార్డు చేస్తుంది, డిస్కు నిండిపోతుంది, చిత్రంలో తెల్లటి తెర తప్ప ఏమీ ఉండదు. పదిహేను రోజులకోసారి పొడి బ్రష్షుతో దులపడం ఎవరి పనో రాసి ఉండాలి. గడియారం సరిగా ఉందో లేదో కూడా అప్పుడే చూడాలి. టైము తప్పుంటే పోలీసులకి ఆ ఫుటేజీతో తలనొప్పే.

ఎవరి ఫ్లాటు గుమ్మం వైపూ కెమెరా తిప్పకూడదు. ఫుటేజీ చూసే హక్కు ఇద్దరికే, అదీ రాతపూర్వకంగా అడిగితేనే. లేకపోతే అది పక్కింటి రాకపోకల ముచ్చటగా మారిపోతుంది.

విడి ఇళ్ల కాలనీలకి మాత్రం ప్రవేశ రోడ్ల దగ్గర కెమెరాలే మంచి ఎంపిక. పోలీసులు 'నేను సైతం' అనే కెమెరాల కార్యక్రమం కింద ప్రోత్సహించింది ఇలాంటివాటినే. కార్పొరేషన్‌కి అప్పగించిన రోడ్డుకి గేటు పెట్టి తాళం వేసే హక్కు కాలనీకి లేదు కాబట్టి గార్డు అక్కడ ఆపేదీ తక్కువే.

ఎవరికి ఏది

ముప్పై ఫ్లాట్ల లోపైతే కుటుంబంతో ఉండే వాచ్‌మన్, ఆరు నుంచి ఎనిమిది కెమెరాలు. ఇందులో నాకు సందేహం లేదు. ఏజెన్సీకి పోసే డబ్బులో మూడో వంతు జీతం పెంచి, గది బాగుచేయిస్తే మంచి కుటుంబం ఏళ్ల తరబడి ఉంటుంది.

ముప్పై నుంచి అరవై మధ్య చిక్కు. వాచ్‌మన్ని ఉంచి, రాత్రి పది నుంచి ఆరు వరకు ఏజెన్సీ గార్డు ఒక్కరిని తీసుకోవడం సరిపోతుంది. నలభై ఫ్లాట్లకి తలా 700 చిల్లర అదనం. అరవై దాటితే, రెండు గేట్లుంటే, డెలివరీ బండ్లు ఎడతెరిపి లేకుండా వస్తుంటే మూడు షిఫ్టుల ఏజెన్సీ తప్పదు. అప్పుడు కూడా నీళ్లు, కరెంటు, చిన్న రిపేర్లకి సొంత మనిషిని ఒకరిని ఉంచుకోవాలి. ఏజెన్సీ మారుతూ ఉంటుంది, వాల్వులు ఎక్కడున్నాయో తెలిసినవాడు ఉండాలి.

మార్చాలనే తేలితే పాత వాచ్‌మన్‌కి కనీసం రెండు నెలల ముందు చెప్పండి, పిల్లల పరీక్షలయ్యాక ఏప్రిల్ చివర్లో అయితే మేలు. అడ్వాన్సు బాకీ, రావాల్సిన జీతం లెక్క తేల్చి ఇద్దరి సంతకాలు పెట్టించండి. వెళ్లేలోపు కొత్త మనిషిని వారం రోజులు అతని వెంట తిప్పి, ప్రతి వాల్వుకీ స్విచ్చుకీ పెయింటుతో నంబరు వేయించి, ఆ నంబర్ల పట్టిక మోటారు బోర్డు పక్కన అంటించండి.