‘అవే’ మ్యాచ్ రాత్రికి కిరాయి సెట్టు: బొమ్మ ఫర్వాలేదు, సౌండే సరిచేసుకోవాలి

హనుమకొండలో నయీంనగర్ దిక్కున్న ఒక సౌండ్ సిస్టం దుకాణం కిరాయికిచ్చే మ్యాచ్ సెట్టు గురించి ఈ రివ్యూ. ప్రొజెక్టర్, 8 x 6 అడుగుల తెర, 15 అంగుళాల డీజే బాక్సులు రెండు, చిన్న మిక్సర్, పది మీటర్ల హెచ్‌డీఎంఐ వైరు ఇస్తారు. రాత్రికి 2,500 రూపాయలు, ఆటో కిరాయి వేరే. ముప్పై, నలభై మంది ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ప్రీమియర్ లీగ్ చూడటానికి ఇది చాలు. కాకపోతే తెచ్చినది తెచ్చినట్టు పెట్టుకుంటే ‘అవే’ మ్యాచ్ (మన జట్టు ఎదుటివాళ్ల మైదానంలో ఆడేది) మజా సగం పోతుంది.

మనం అభిమానించే జట్టు సొంత మైదానంలో ఆడుతుంటే స్టేడియమంతా మన గొంతే. బయటి మైదానంలో అట్లా కాదు. మన జట్టు అభిమానులకు 3,000 టికెట్లు ఇస్తారు, స్టేడియం చిన్నదైతే సీట్లలో పదో వంతు. ఆ టికెట్టు ధర 30 పౌండ్లు దాటకూడదన్న నియమం 2016-17 సీజన్ నుంచి ఉంది. మాంచెస్టర్ యునైటెడ్ మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో డెబ్బై వేల మందికి పైగా ఉన్న చోట మనవాళ్లది ఒక మూల. న్యూకాజిల్ సెయింట్ జేమ్స్ పార్క్‌లోనైతే లీజెస్ స్టాండ్ పై అంతస్తులో, మైదానానికి చాలా ఎత్తున కూర్చోబెడతారు. జట్టు కూర్పు బయటికొచ్చాక, కిక్-ఆఫ్‌కు (ఆట మొదలుకు) ముందు ఆ మూల నుంచి లేచే పాట కోసమే ఇక్కడ వారమంతా ఎదురుచూసేది. అది వినిపిస్తుందా లేదా అన్నదే ఈ సెట్టుకు అసలు పరీక్ష.

మొదటి రోజు సెట్టింగులో వినిపించదు. బాక్సులు బారాత్‌కు కట్టినట్టే వస్తాయి: బేస్ పూర్తిగా ఎక్కించి, మిక్సర్లో ఎకో ఆన్ చేసి ఉంటుంది. స్టేడియం గోలంతా ఒకే హోరుగా మారి, దాని కింద పాట మాటలు అణిగిపోతాయి. ముందు ఎకో పూర్తిగా తీసేయండి. మిక్సర్ ఛానల్ మీద బేస్ తగ్గించే లో-కట్ బటన్ ఉంటే నొక్కండి. బేస్‌కు ఉన్న 'లో' నాబ్‌ను మధ్య నుంచి ఎడమకు, గడియారంలో తొమ్మిది దగ్గరికి తిప్పండి. 'మిడ్' కొంచెం పెంచితే మనుషుల గొంతులు ముందుకొస్తాయి. బాక్సులను గది మూలల్లో నేల మీద పెట్టొద్దు, మూల గోడలు బేస్‌ను ఇంకా పెంచుతాయి. స్టాండ్ల మీద, కూర్చున్నవాళ్ల తల ఎత్తున, తెరకు రెండు పక్కలా ఉంచితే బాగుంటుంది.

వైరు దగ్గర ఇంకో చిక్కుంది. దుకాణం కుర్రాడు మ్యాచ్ నడిపే ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ వైరుకు పెద్ద స్టీరియో పిన్ను తగిలించి మిక్సర్లో ఒకే సాకెట్‌లో గుచ్చిపోతాడు. ఆ సాకెట్ బ్యాలెన్స్‌డ్ రకం అయితే ఎడమ, కుడి సిగ్నళ్ల మధ్య తేడానే తీసుకుంటుంది. కామెంటరీ రెండింట్లోనూ సమానంగా ఉంటుంది కాబట్టి మాయమవుతుంది, జనం గోల పీలగా, బోలుగా మిగులుతుంది. చాలామంది దీన్ని మ్యాచ్ ప్రసారం చేసే యాప్ లోపం అనుకుని యాప్ మార్చి మార్చి చూస్తారు. ఒక వైపు 3.5 ఎంఎం పిన్ను, ఇంకో వైపు రెండు మోనో పిన్నులు ఉన్న వై-కేబుల్ అడిగి, రెండు ఛానళ్లకు విడివిడిగా పెట్టాలి. బ్లూటూత్ మీద మాత్రం ఆధారపడొద్దు, కాలు బంతికి తగిలాక చప్పుడు వెనకొస్తుంది. ల్యాప్‌టాప్ ఛార్జర్ పెట్టగానే బాక్సుల్లో 'గుయ్' అని మోగితే అది ఎర్తింగ్ సమస్య. ఛార్జర్ తీసి చూడండి. ఆగిపోతే ఫుల్ ఛార్జింగ్‌తో బ్యాటరీ మీదే నడపండి, లేదా ఆ మోతను ఆపే గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ అనే చిన్న పరికరం వైరు మధ్యలో పెట్టండి.

బొమ్మ సంగతికొస్తే, అడగకపోతే ఆఫీసుల్లో వాడే 1024 x 768 ప్రొజెక్టర్ ఇస్తారు. మ్యాచ్ బొమ్మ వెడల్పైనది కాబట్టి అందులో 576 గీతలే వాడుకలోకి వస్తాయి. దూరపు షాట్లలో బంతి మసకగా కనిపిస్తుంది, వీపు మీద నంబరు అందదు. ఫుల్ హెచ్‌డీ కావాలని బుకింగ్ అప్పుడే చెప్పండి. ఎనిమిది అడుగుల తెర మీద బొమ్మ ఎత్తు నాలుగున్నర అడుగులే వస్తుంది. మిగిలిన ఖాళీని కిందికి వదిలి బొమ్మను పైకి జరిపితే వెనక వరసకు తలలు అడ్డం రావు. వీజీఏ కన్వర్టర్ ఇస్తే తీసుకోవద్దు, యాప్ కాపీ రక్షణ వల్ల తెర నల్లగా అయిపోతుంది.

యాప్ ప్రసారం మైదానం కంటే అర నిమిషం అటూఇటూ వెనక నడుస్తుంది. స్కోరు యాప్ అంతకంటే ముందే మోగుతుంది. 1989 మే 26న లివర్‌పూల్ మైదానం ఆన్‌ఫీల్డ్‌లో రెండు గోల్స్ తేడాతో గెలిస్తేనే లీగ్ టైటిల్ అన్న స్థితిలో ఆర్సెనల్‌కు మైకేల్ థామస్ చివరి క్షణాల్లో రెండో గోల్ కొట్టాడు. అట్లాంటి గోల్ ముందు ఎవరి జేబులోనో ఫోన్ మోగడం కంటే అన్యాయం లేదు. కిక్-ఆఫ్‌కు ముందే అందరి నోటిఫికేషన్లు ఆఫ్ చేయించాలి. డిష్ టీవీ అయితే సాధారణంగా ఆలస్యం తక్కువే, కానీ ఆగస్టు, సెప్టెంబరులో గట్టి వాన పడితే సిగ్నలే పోతుంది.

కరెంటు మాట మర్చిపోవద్దు. లాంప్ ప్రొజెక్టర్ సుమారు 300 వాట్లు తీసుకుంటుంది. కరెంటు పోయి వెంటనే వచ్చినా, వేడెక్కిన లాంప్ చల్లబడేదాకా కొన్ని నిమిషాలు వెలగదు. ప్రొజెక్టర్‌ను, ఇంటర్నెట్ రూటర్‌ను ఇన్వర్టర్ మీద పెట్టండి. బాక్సులు ఆగితే ఆగనీయండి.

డాబా మీదా, గదిలోనా అన్నది మ్యాచ్ టైమును బట్టి తేల్చుకోవాలి. ఇంగ్లండ్‌లో శనివారం మధ్యాహ్నం పన్నెండున్నర మ్యాచ్ అక్టోబరు చివరి ఆదివారం దాకా మనకు సాయంత్రం 5 గంటలకు పడుతుంది, ఆ వెలుతురులో డాబా మీద తెర పనికిరాదు. మూడు గంటల మ్యాచ్ రాత్రి 7.30కి, ఆ ఆదివారం ఇంగ్లండ్‌లో గడియారాలు గంట వెనక్కి తిప్పాక 8.30కి వస్తుంది. ఆదివారం నాలుగున్నర మ్యాచ్ చలికాలంలో పదింటికి మొదలవుతుంది. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు పెట్టొద్దని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి కాబట్టి అప్పుడు మూసిన హాలు తప్పదు. డాబా మీద పెడితే తెర స్టాండు కాళ్లకు నిండు నీళ్ల క్యాన్లు కట్టండి, గాలికి అది తెరచాపలా లేస్తుంది.

బతుకమ్మ రోజుల్లో, వినాయక నిమజ్జనం వారంలో, పెళ్లి ముహూర్తాలప్పుడు బాక్సులు దొరకవు. మ్యాచ్ తేదీలు టీవీ కోసం జరుగుతుంటాయి, అడ్వాన్సు ఇచ్చేముందు తేదీ మారితే ఆ డబ్బు ఇంకో రోజుకు సర్దుతారో లేదో అడిగి రసీదు మీద రాయించుకోండి.