చార్మినార్ దగ్గర ముత్యాలు కొనే ముందు ఒక్కసారి చూడండి

పాతబస్తీకి షాపింగ్‌కి వెళ్లేవాళ్లందరికీ, ముఖ్యంగా పెళ్లి కొనుగోళ్లు ఉన్నవాళ్లకి. నేను, మా వదిన భాగ్యలక్ష్మి అమ్మవారి దర్శనం చేసుకుని బయటికి వచ్చామో లేదో, ఒకతను వెంటపడి ఫ్యాక్టరీ రేటు అంటూ సందులో మేడ మీద ఉన్న షాపుకి తీసుకెళ్లాడు. ఇలా తీసుకొచ్చేవాళ్లకి కమీషన్ ఉంటుంది, అది మన దండ రేటులోనే కలుస్తుంది.

కౌంటర్లో ఆయన లైటర్ వెలిగించి ఒక ముత్యాన్ని కాల్చి, గుడ్డతో తుడిచి, "చూడండమ్మా, మచ్చ కూడా పడలేదు" అన్నాడు. గాజు పూసని కాల్చినా అంతే, మసి తుడిస్తే పోతుంది. పైగా ఆయన కాల్చింది డబ్బాలోంచి తీసిన విడి ముత్యం, మాకిచ్చిన దండలోది కాదు. పెళ్లిలో ఒక్క పూట వేసుకుంటే చాలు, చెమటకి దారం దూరే చిల్లు చుట్టూ పూత గోళ్లరంగులా పెచ్చులు లేచి లోపల గాజు కనిపించింది.

ఫోన్ చేస్తే బిల్లు తెమ్మన్నారు. వాళ్లిచ్చింది "ఎస్టిమేట్" అని రాసిన తెల్లకాగితం, దాని మీద షాపు పేరు గానీ జీఎస్టీ నంబరు గానీ లేవు. పక్కా బిల్లు అడిగితే "ట్యాక్స్ మీకే భారం కదమ్మా" అని అప్పుడే తప్పించుకున్నారు. ముత్యాల మీద జీఎస్టీ 3 శాతమేనండీ!

కొనేముందు దండలోవే రెండు ముత్యాలు ఒకదానికొకటి మెల్లగా రుద్దండి. అసలువైతే సన్నగా గరగరమంటాయి, గాజువీ ప్లాస్టిక్‌వీ జారిపోతాయి. చిల్లు దగ్గర భూతద్దంతో చూడండి. అన్నీ అచ్చుపోసినట్టు ఒకే సైజులో, ఒకే మెరుపుతో ఉండి రేటు మాత్రం చవగ్గా ఉంటే వదిలేయండి. ఇప్పుడు మార్కెట్లో దొరికేవి దాదాపు అన్నీ పెంపకపు (కల్చర్డ్) ముత్యాలే, చాలావరకు చైనా మంచినీటివి, అందులో మోసమేమీ లేదు. కానీ ఎవరైనా "పాత బస్రా ముత్యాలు" (గల్ఫ్ సముద్రంలో సహజంగా దొరికిన పాతకాలపు ముత్యాలు) అని చవగ్గా ఇస్తామంటే అక్కడ కూర్చోకండి. బంగారానికి ఉన్నట్టు ముత్యానికి హాల్‌మార్క్ ఉండదు కాబట్టి బిల్లు మీద "కల్చర్డ్ ముత్యాలు" అని, బరువుతో సహా రాయించుకోవాల్సిందే.

చార్మినార్ దగ్గరి పత్తర్‌గట్టిలో నిజాయితీగా అమ్మే పాత షాపులు చాలానే ఉన్నాయి. నేను చెప్పేది వెంటపడి తీసుకెళ్లేవాళ్ల గురించి. ఇరానీ చాయ్ తాగుతూ నాలుగు షాపులు మీరే తిరిగి రేటు కనుక్కోండి.

ఇప్పటికే ఇలా కొన్నవాళ్లుంటే యూపీఐ పేమెంట్ వివరాలు, అందులో డబ్బు అందుకున్న పేరు భద్రంగా ఉంచుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. మేం కంప్లయింట్ పెట్టాం, ఇంకా జవాబు రాలేదు.