పది రెట్ల భూతద్దంతో ఆరేళ్లు

నగల దుకాణాల్లో రాళ్లను పరీక్షించడానికి వాడే చిన్న మడత భూతద్దం ఇది. పది రెట్లు పెద్దదిగా చూపిస్తుంది. ఆరేళ్లుగా దీన్ని ఒకే పనికి వాడుతున్నాను: బియ్యపు గింజంత, ఒక్కోసారి అంతకన్నా చిన్న చిమ్మటలను చూడటానికి.

మొదటి నెలంతా మసకే కనిపించింది. చేయి చాచి పట్టుకోవడమే నేను చేసిన తప్పు. అద్దాన్ని కంటికి దాదాపు ఆనించి, తలను మెల్లగా పురుగు దగ్గరికి వంచాలి. సుమారు రెండున్నర సెంటీమీటర్ల దూరంలో ఒక్కసారిగా అంతా తేటపడుతుంది. ఇరవై రెట్లదీ కొన్నాను కానీ, దాంతో ఈ దూరం సగానికి తగ్గుతుంది. ఊపిరి తగలగానే చిమ్మట ఎగిరిపోతుంది. పది రెట్లు చాలు.

నన్ను కట్టిపడేసిన మొదటి దృశ్యం మా గోడ మీదే దొరికింది. దోసగింజలా బల్లపరుపుగా, బూడిద రంగులో వేలాడే తిత్తిని మన ఇళ్లలో చూడనివారుండరు. చెత్త అనుకొని చీపురుతో దులిపేస్తాం. అద్దంలో చూస్తే ఇసుక రేణువులనూ దుమ్మునూ పట్టుదారంతో కలిపి నేసుకున్న ఇల్లది! రెండు చివరలా వాకిళ్లే. లోపలి గొంగళిపురుగు ఒక వైపు తల బయటపెడుతుంది, బెదిరితే లోపలే వెనుదిరిగి రెండో వైపు నుంచి తొంగిచూస్తుంది. పాత సాలెగూళ్లూ రాలిన వెంట్రుకలూ దాని ఆహారం. అది ఎదిగి చిన్న బూడిదరంగు చిమ్మట అవుతుంది. ఆ రోజు నుంచి మా హాలులో ఆ ఒక్క మూలను దులపనివ్వలేదు.

పెరటి నిమ్మచెట్టు లేత ఆకుల్లో వంకరటింకర వెండి గీతలు ఆకు తొలిచే పురుగు పని. రైతుకు అది నష్టమే, కాదనను. కానీ పెరిగి బయటికొచ్చిన చిమ్మటను చూడండి: రెక్కలు విప్పినా 4 మిల్లీమీటర్లే, తెల్లని వెండి మెరుపు, రెక్క కొసన ఒక్క నల్ల చుక్క. గాదె దగ్గర దొరికే, వడ్ల చిలుక అని పిలిచే చిమ్మటకు వెనక రెక్కల అంచున పొడవాటి కుచ్చు ఉంటుంది. ఈకరెక్కల చిమ్మటకైతే ముందు రెక్క రెండుగా, వెనక రెక్క మూడుగా చీలి ఉంటాయి.

వానలు మొదలయ్యాక, అమావాస్య దగ్గరి రాత్రుల్లో డాబా మీద తెల్ల పంచెను తెరలా కట్టి దీపం పెడతాను. శలభం దీపాన్ని మోహించి వస్తుందని చదువుకున్నాం. 2024లో వెలువడిన ఒక పరిశోధన వేరే మాట చెప్పింది: ఎగిరే పురుగులు వెలుతురుకు వీపు చూపుతాయి, పైన ఆకాశం వెలుగుతుంటే అదే వాటిని నిలకడగా ఉంచుతుంది, పక్కన దీపముంటే దాని చుట్టూనే తిప్పుతుంది. అది చదివాక గంటన్నరకే దీపం ఆర్పేస్తున్నాను. తెల్లవార్లూ ఉంచితే పొద్దున కాకులకూ బల్లులకూ విందే.

అద్దానికి లోపాలున్నాయి. మూడో వానాకాలానికి గాజు అంచున బూజు పట్టింది. ఇప్పుడు తేమ పీల్చే పొట్లంతో డబ్బాలో ఉంచుతున్నాను. మడత దగ్గరి మర రెండుసార్లు వదులైంది. కళ్లజోడు ఉన్నవారు అది తీసి చూస్తేనే సుఖం.

వీటిలో చాలావాటిని చంపి, కోసి చూస్తే తప్ప జాతి తేలదు. నేను ఆ పని చేయను. అందుకే నా నోటుబుక్కులో సగం పేర్లు ఇలాగే ఉంటాయి: “మేడమెట్ల గోడ, జూలై, రెక్క అంచున రాగి గీత, తల మీద పసుపు కుచ్చు.”