ప్రతిసారీ ప్రతిఫలమా, అప్పుడప్పుడా: అలవాటుకు ఏది మేలు?

ఎలుక మీట నొక్కితే తిండి గుళిక పడుతుంది. పడింది కాబట్టి మళ్లీ నొక్కుతుంది. ఒక చర్య వల్ల కలిగిన ఫలితం ఆ చర్య మళ్లీ జరిగే అవకాశాన్ని పెంచడాన్నే అమెరికన్ మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ పునర్బలనం అన్నాడు; ఇలా సాగే అభ్యసనాన్ని మన డీఎస్సీ పుస్తకాలు కార్యసాధక నిబంధనం అంటాయి. పరీక్ష కోసం ధన (ఇష్టమైనది ఇవ్వడం), రుణ (ఇబ్బందిని తొలగించడం) పునర్బలనాల తేడాను కంఠస్థం చేసేవారు చాలామందే ఉన్నారు గానీ, ఇంట్లోనూ తరగతిలోనూ ముందుగా తేల్చుకోవలసింది గుళిక ప్రతిసారీ వేయాలా, అప్పుడప్పుడూ వేయాలా అన్నది.

ఈ రెండో పద్ధతి స్కిన్నర్‌కు సిద్ధాంతం నుంచి కాక, గుళికల కొరత నుంచి తట్టింది. ఒక శనివారం లెక్క చూసుకుంటే నిల్వ సోమవారం ఉదయానికల్లా అయిపోయేలా ఉంది. మధ్యాహ్నమంతా గుళికలు చేస్తూ కూర్చోవడం ఇష్టం లేక, ఎలుక ఎన్నిసార్లు నొక్కినా నిమిషానికి ఒకటే పడేలా ఏర్పాటు చేశాడు. ఎలుకలు నిలకడగా నొక్కుతూనే ఉన్నాయి. ఈ సంగతిని 1956లో ఆయనే రాశాడు. మరుసటి ఏడాది చార్లెస్ ఫెర్స్టర్‌తో కలిసి ఇటువంటి పద్ధతులపై పెద్ద గ్రంథమే వెలువరించాడు.

కొత్త పని నేర్పేటప్పుడు మాత్రం ప్రతిసారీ ఇవ్వడమే మేలు, ఎందుకంటే ఏ పనికి ఏ ఫలితమో త్వరగా బోధపడుతుంది. అయితే ఇవ్వడం మానగానే తేడా తెలిసిపోయి, పని కూడా త్వరలోనే ఆగిపోతుంది. దీన్ని విరమణ అంటారు. అప్పుడప్పుడూ ఇచ్చినప్పుడు నేర్వడం ఆలస్యమైనా, రాకపోవడం మామూలే కాబట్టి పని చాలాకాలం నిలుస్తుంది. అందులోనూ ఎన్నోసారికి వస్తుందో తెలియని చర నిష్పత్తికి ఉన్న పట్టు మరీ గట్టిది. జూదపు యంత్రం ముందు కూర్చున్నవాడు లేవలేకపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

ఈ పట్టు మనం కోరని చోట కూడా పనిచేస్తుంది. అన్నం ముందు ఫోన్ కోసం మారాం చేసే మూడేళ్ల పిల్లవాడికి తల్లి నాలుగు రోజులు ఇవ్వకుండా ఉండి, ఐదో రోజు ఇంట్లో చుట్టాలున్నారని అరగంట ఏడుపు తరువాత ఇచ్చేసిందనుకుందాం. ఒక్కసారే కదా అని ఆమె అనుకుంటుంది. వాడు నేర్చుకున్నది మాత్రం అరగంట ఏడవడం. పైగా ఇవ్వడం మానిన తొలిరోజుల్లో ఏడుపు తగ్గే ముందు పెరగడం సాధారణం కనుక, ఆ పతాకస్థాయిలో లొంగిపోవడం రోజూ ఇవ్వడం కంటే చెడ్డది. ఇవ్వదలిస్తే ఏడుపు మొదలుకాక ముందే ఇవ్వడం నయం.

బ్రష్ చేసుకోవడం, పుస్తకాలు సర్దుకోవడం వంటి వాటికి మొదట్లో ప్రతిసారీ మెచ్చుకుని, అలవాటు కుదిరాక మెప్పును క్రమంగా ఎడంగా, ముందుగా ఊహించలేని విధంగా ఇవ్వడం నా దృష్టిలో సరైన పద్ధతి. పిల్లలు తమంత తామే ఇష్టపడి చేసే పనికి మాత్రం ఈ రెండూ వద్దు. 1973లో మనస్తత్వవేత్తలు లెపర్, గ్రీన్, నిస్బెట్ ప్రచురించిన ప్రయోగంలో, బహుమతి ఇస్తామని ముందే చెప్పి బొమ్మలు వేయించిన పిల్లలు ఆ తరువాత ఆడుకునే వేళలో బొమ్మల జోలికి తక్కువగా వెళ్లారు.